కథాపాత్రలును విద్యార్థులును

సికింద్రాబాదు విద్యలో వెనుకబడిన నగరము కాదు. సోమసుందర మొదలియారుగారు 1862లో స్థాపించిన పాఠశాలయే తరువాత మహబూబు కళాశాలయై పేరొందినది. 1893లో స్వామి వివేకానందులు అచ్చట ఉపన్యసించిరి. 2018 నాటి శాసనముచే తెలంగాణ పాఠశాలలందు పదవ తరగతి వరకు తెలుగు నిర్బంధ పాఠ్యమైనది. గంట దొరకినది, సంతోషమే. ఆ గంటలో జరుగుచున్నదేమి?

బజారున అమ్ముడుపోవు గైడు పుస్తకములను చూడుడు. పాత్ర స్వభావమును వ్రాయుమను ప్రశ్నకు నాలుగు విశేషణములు అందు సిద్ధముగా నుండును. బాలుడు కథ చదువకయే తీర్పు చెప్పుట నేర్చుచున్నాడు. మేమును చిన్ననాట అట్లే వల్లించినవారమే గనుక నింద బాలురది కాదు.

గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’యందు వెలువడినది. గోపాలరావు నడిరేయి దాటినపిదప ఇల్లు చేరును. భార్య కమలిని కానరాదు. ఆమె ఉత్తరము మాత్రము దొరకును. అతడు వగచును. ‘పశ్చాత్తప్తుడైన భర్త’ యని వ్రాసిన మార్కులు వచ్చును. కాని ఉత్తరము లేకున్న అతడు వగచియుండెడివాడా? ఉత్తరమునందలి సంబోధనలో ప్రేమ పోయి మర్యాదయే మిగిలినందులకు అతడేల నొచ్చుకొనును? కమలిని ఆ మాటనే యేల యెంచుకొనెను? నౌకరు రామునికి తెలిసినదెంత? మరునాటి రాత్రి గోపాలరావు పెందలకడనే ఇల్లు చేరునా? ఈ కడపటి ప్రశ్నకు కథలో జవాబు లేదు. అందుచేతనే తరగతిలో వాదము పుట్టును. ప్రతివాదియు కథలోని మాటనే సాక్ష్యముగా చూపవలసివచ్చును.

‘కన్యాశుల్కము’లోని గిరీశము మోసగాడనుట నిజమే. అంతటితో చాలించినచో నాటకము చదివినట్లు కాదు. అతనిని ఇల్లు చేరనిచ్చినదెవరు? రెండు ఇంగ్లీషు మాటలకు వెంకటేశము తల్లి మురిసిపోవుటలో మన యింటి మురిపెము లేదా? మోసగానిని గుర్తించుట సులభము. మోసపోవువారిలో తన్ను గుర్తించుట కష్టము. 1989 నుండి పదునెనిమిదేండ్లకే ఓటు లభించుచున్నది. పదవ తరగతి బాలుడు రెండు మూడేండ్లలో సభావేదికలపై గిరీశములను వినబోవుచున్నాడు.

సికింద్రాబాదు తరగతులలో ఇంట తమిళమో, ఉర్దువో, హిందీయో మాటలాడు పిల్లలును గలరు, వారికిది భారమందురు. వారికి విశేషణములే భారము. మనిషి చేసిన పనిని గూర్చి యడిగిన ఏ యింటి బిడ్డయైనను నోరు విప్పును.

పరీక్షాధికారులను మేము కోరునది స్వల్పము. ప్రతి ప్రశ్నపత్రమునందును గైడులో జవాబు లేని పాత్రప్రశ్న యొక్కటి యుండవలెను. అభిప్రాయమెట్టిదైనను, కథనుండి ఆధారము చూపినవానికే మార్కులీయవలెను.