ఆ 43 బంతులు

రేపల్లెలో బ్యాటూ బంతీ పట్టిన అమ్మాయిలకు మీ పెద్దమ్మ ఆశీస్సులు.

2025 నవంబరు 2న నవీ ముంబైలో దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి మనవాళ్లు ప్రపంచకప్పు అందుకున్నారు. కడప జిల్లా పిల్ల శ్రీచరణి ఆ టోర్నీలో 14 వికెట్లు తీసింది. ఆ ఆట ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. చూడండి. అయితే 2017 జులై 23 నాటి లార్డ్స్ ఫైనల్ కూడా మొదటి నుంచి చివరిదాకా చూడమని మిమ్మల్ని అడుగుతున్నాను. అప్పటికి మీరు పలకా బలపం వయసువాళ్లు.

ఇంగ్లండ్ 228 కొట్టింది. మన ఝులన్ 10 ఓవర్లలో 23 పరుగులే ఇచ్చి 3 వికెట్లు పడగొట్టింది. ఛేజింగులో హైదరాబాదులో పెరిగిన మన కెప్టెన్ మిథాలీ 17 దగ్గర రనౌటైనా, పూనమ్ రౌత్, హర్మన్‌ప్రీత్ నిలబడ్డారు. స్కోరు 3 వికెట్లకు 191. అక్కడ ఇంగ్లండ్ బౌలర్ ష్రబ్‌సోల్ వేసిన బంతికి 86 పరుగుల మీదున్న పూనమ్ ఎల్బీడబ్ల్యూ అయింది. ఇక 43 బంతుల్లో 38 పరుగులు కావాలి, చేతిలో ఆరు వికెట్లున్నాయి. 219కే ఆలౌటయ్యాం. ఓటమి 9 పరుగులతో. ఇంకా 8 బంతులు మిగిలే ఉన్నాయి! ష్రబ్‌సోల్‌కు 6 వికెట్లు.

ఆడపిల్లలు ఒత్తిడికి తట్టుకోలేకపోయారని అప్పుడు చాలామంది ఒక్క మాటలో తేల్చేశారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కిక్కిరిసిన స్టేడియంలో ఆఖరి ఓవర్లు ఆడే అలవాటు వాళ్లకు ఎవరిచ్చారు? మహిళల ప్రీమియర్ లీగ్ మొదలైందే 2023లో. 2005 ఫైనల్లోనూ, 2017లోనూ కెప్టెన్‌గా ఓడిన మిథాలీ చేతికి, 2025లో గెలిచిన పిల్లలే కప్పు తెచ్చి ఇచ్చారు. అది చూసి నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఆఖరి ఓవర్లు ఆడే అలవాటు లేకపోవడం మన ఊళ్లోనూ ఉన్న సంగతే. పెనుమూడి, నిజాంపట్నం వైపు నుంచి వచ్చే పిల్లలు పొద్దు వాలుతుంటే బస్సు పోతుందని ఆట మధ్యలో లేచిపోతారు. చివరి పది ఓవర్లు ఆడే యోగం వాళ్లకెప్పుడూ దక్కదు. ఈ ఉత్తరం మీ అమ్మానాన్నలకు చూపించండి. ఆదివారాలు పొద్దున్నే మొదలుపెట్టండి. 43 బంతులు, 38 పరుగులు, ఆరు వికెట్లు: ఈ లెక్క పెట్టుకునే ఆడండి. ఓడితే మళ్లీ అదే లెక్క. ఆలస్యమైతే ఇంటికి చేర్చే పూచీ మాలాంటి పెద్దవాళ్లది. చివరి బంతి పడేదాకా ఎవరూ గ్రౌండు వదలొద్దు.

మీ పెద్దమ్మ,
రేపల్లె