క్లాంపు లోపలి పగులు

చిలకలూరిపేట చుట్టుపక్కల ఏ డొంకదారిన నడిచినా తలెత్తితే టవర్లే. 765 కిలోవోల్టుల సబ్‌స్టేషన్ ఆ ప్రాంతంలోనే ఉంది. పత్తి చేల మీదుగా, మిరప కళ్లాల మీదుగా లైన్లు సాగుతుంటాయి. టవరుకు దగ్గర్లో తీగ కింద రెండు కొసలా బరువులున్న చిన్న పరికరం వేలాడుతుంది. దాన్ని డ్యాంపర్ అంటారు. తీగ వణుకును అదుపులో పెట్టేది అదే.

తీగలకు తుఫానే శత్రువని అనుకుంటాం. తుఫాను దెబ్బ అందరికీ కనిపిస్తుంది. కనిపించకుండా తినేది మాత్రం సెకనుకు ఒకటి నుంచి ఏడు మీటర్ల వేగంతో నిలకడగా వీచే మామూలు గాలి. చెట్లూ గుట్టలూ అడ్డులేని మైదానంలో అది చెదరదు. తీగ వెనక సుడులు కట్టి, సెకనుకు పదుల సార్లు దాన్ని పైకీ కిందకీ ఆడిస్తుంది. చలికాలపు రాత్రుల్లో తీగ కుంచించుకుని బిగుస్తుంది గనక వణుకు ఇంకా ఎక్కువ. ఆ వణుకంతా తీగను టవరు దగ్గర పట్టి ఉంచే క్లాంపు వద్ద వంపుగా తేలుతుంది. అక్కడ తీగలోని పోగులు ఒకదానితో ఒకటి రాసుకుని అల్యూమినియం నల్లటి పొడిగా రాలుతుంది. పగులు పుట్టేది ఆ రాపిడి మచ్చల్లోనే. తరచూ లోపలి వరస పోగులే ముందు తెగుతాయి. కింద నిలబడి ఎంత చూసినా తెలియదు.

ఉక్కు ఒక హద్దులోపు ఒత్తిడిని ఎన్నిసార్లయినా చాలావరకు ఓర్చుకుంటుంది. అల్యూమినియానికి అంత స్పష్టమైన హద్దు లేదు. మిశ్రమ లోహాల్లో పగులు పాకే వేగం చుట్టూ ఉన్న గాలిని బట్టి కూడా మారుతుంది. శూన్యంలో నెమ్మది, తేమ గాలిలో ఎక్కువ, ఉప్పునీరు తగిలితే మరీ ఎక్కువ. పగులు కాస్త సాగినప్పుడల్లా దాని మొనలో కొత్త లోహం బయటపడుతుంది. నీటి ఆవిరి దానితో కలిసి హైడ్రోజన్ పుడుతుంది. అది లోపలికి చొరబడి లోహాన్ని పెళుసు చేస్తుంది.

ఇలాంటి పగుళ్ల వల్లే 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ విమానం పైకప్పు 24 వేల అడుగుల ఎత్తులో ఎగిరిపోయింది. 19 ఏళ్లుగా ఉప్పుగాలిలో దీవుల మధ్య తిరిగి, 89 వేలకు పైగా ట్రిప్పులు వేసిన విమానమది. రివెట్ల వరసల్లోని చిన్న చిన్న పగుళ్లు ఒకటిగా కలిశాయి. విమాన సహాయకురాలు ఒకరు చనిపోయారు. విమానం ఎక్కుతూ ఒక ప్రయాణికురాలు పగులు చూసి కూడా ఎవరికీ చెప్పలేదు. పాతబడిన విమానాల మీద అమెరికాలో ఆ తర్వాత జోరుగా సాగిన పరిశోధనలో, గుడివాడలో పుట్టిన సత్య అట్లూరి ముఖ్యులు.

వయసునూ చుట్టూ ఉన్న గాలినీ బట్టి తనిఖీ చేయాలని విమానాలు నేర్పిన పాఠం లైన్లకూ వర్తించాలి. లోతట్టు వినుకొండకూ తీరంలోని నిజాంపట్నానికీ ఒకే తనిఖీ క్యాలెండర్ సరిపోదు. తీరం ఎంత దూరం, మైదానం ఎంత బయలు, తీగ వేసి ఎన్నేళ్లయింది అన్నవి చూసి గడువు పెట్టాలి. థర్మల్ కెమెరా వేడెక్కిన జాయింటును పట్టిస్తుంది గానీ, అప్పుడే పుట్టిన పగులును చూపలేదు. కొన్ని క్లాంపులైనా విప్పి చూడాల్సిందే.

అందుకు లైన్ క్లియర్ (ఎల్‌సీ) తీసుకోవాలి, సరఫరా ఆపాలి, మోటార్లు ఆగుతాయని రైతులు అడ్డుపడతారు. వాళ్ల బాధ నిజమే. కానీ తీగ తెగితే కింద మిరప కోస్తున్నది కూలీలు. తడి అవసరం తగ్గే రోజులు చూసుకుని, ఊళ్లో ముందే చెప్పి చేస్తే ఒప్పుకోని రైతు ఉండడు. ఇక దించేసిన పాత తీగలను స్క్రాప్ వేలానికి పంపే ముందు, క్లాంపు పట్టిన చోటి ముక్కలను గుంటూరు, బాపట్ల ఇంజినీరింగ్ కాలేజీలకు ఇవ్వాలి. ఏ ఊరి తీగ, ఎన్నేళ్లు వాడారు అన్న చీటీ కట్టి మరీ ఇవ్వాలి.