మందు అందించిన చేతిని మరచిపోవద్దు



డిశ్చార్జి అయి ఇంటికి వెళ్ళేరోజు చాలామంది నర్సులకూ డాక్టర్లకూ దండం పెట్టి మరీ కదులుతారు. అరటిపళ్ళో మిఠాయో తెచ్చి వార్డంతా పంచేవాళ్ళూ ఉంటారు. ఆపై ఆదివారం సంఘంలో నిలబడి సాక్ష్యం చెబుతారు. వీలైనవారు ఇంటి దగ్గర కృతజ్ఞతా కూడిక పెట్టుకుంటారు. ఇదంతా చూస్తే మాకెంతో సంతోషం. అయితే ఆ సాక్ష్యాల్లో తరచుగా ఒకరి పేరు వినబడదు. మంచం పక్కన చాప వేసుకుని పడుకుని, సెలైన్ అయిపోవస్తుంటే లేచి నర్సమ్మను పిలిచిన మనిషి పేరు అది. ఆ మనిషి భార్యో, తల్లో, కూతురో, కోడలో, ఒక్కోసారి కొడుకో అయి ఉంటారు. చాలా ఇళ్ళలో కూడిక జరుగుతున్నంతసేపూ ఆమె వంటింట్లోనే ఉంటుంది.

మన కృతజ్ఞత ఆమె దాకా కూడా వెళ్ళాలని, అదీ మాటతో ఆగిపోకుండా ఆమె ఆరోగ్యం దాకా వెళ్ళాలని మా అభిప్రాయం.

బిడ్డ మొదటి పుట్టినరోజునే తీసుకోండి. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గింది. టీకాలు, ఆసుపత్రి కాన్పులు, విరేచనాలకు ఓఆర్ఎస్ నీళ్ళు ఇందుకు ఎంతో తోడ్పడ్డాయి. కానీ టీకా తనంతట తాను బిడ్డ దగ్గరకు నడిచి రాదు. పుట్టగానే బీసీజీ, తరువాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్, 9 నెలలు నిండాక మీజిల్స్ రుబెల్లా టీకా అని కార్డు చూసుకుని, బిడ్డను చంకనెత్తుకుని వచ్చి వరుసలో నిలబడినది ఎవరు? ఆ రాత్రి జ్వరం కాస్తే మేలుకుని కూర్చున్నది ఎవరు? కేకు కోసేటప్పుడు ఆ తల్లిని కూడా ఒక్కమాట తలుచుకోవాలి కదా!

పెద్దవాళ్ళ విషయమూ అంతే. ఆయాసం లేకుండా నాలుగు మెట్లెక్కడం, దగ్గు లేకుండా తెల్లవార్లూ నిద్రపోవడం, జ్వరం తగ్గాక నోటికి రుచిగా తిన్న చారన్నం చిన్న సంతోషాలే. పోయినప్పుడే వాటి విలువ తెలుస్తుంది. అవి తిరిగి రావడం వెనుక కూడా ఒక చెయ్యి ఉంటుంది. బీపీ ఉన్నవారికి ఉప్పు తగ్గించమని మేము ఒక్కమాటలో చెప్పేస్తాం. ఇంట్లో మాత్రం ఒకరు రోజూ ఆ కూర ముందుగా విడిగా తీసి, మిగతావాళ్ళకు ఉప్పు సరిచూడాలి. మామూలు టీబీ మందులు ఆరు నెలలు వాడాలని చెబుతాం. అన్ని రోజులూ గుర్తుపెట్టి గుక్కెడు నీళ్ళతో మాత్ర అందించేది ఇంటివాళ్ళే.

"ఇంట్లోవాళ్ళకు థాంక్స్ ఏమిటండీ, పరాయివాళ్ళలాగా" అని కొందరు అంటారు. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనం. కానీ ఆ ప్రేమ చాటున ఒక కష్టం కనబడకుండా పోతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే సగానికి పైగానే. రక్తహీనతకు కారణాలు చాలా ఉన్నాయి. అందరూ తిన్నాక మిగిలినది తినే అలవాటు దానికి సాయం చేస్తుంది. రోగితో వచ్చిన ఇల్లాలిని "నీ ఆరోగ్యం ఎలా ఉందమ్మా?" అని అడిగితే, "నాకేముందండీ, ఆయన లేచి తిరిగితే చాలు" అంటుంది. ఆమె నీరసం ఆమె చెప్పదు, మనం అడగం.

కృతజ్ఞత మనసుకు మంచిదని పరిశోధకులూ చెప్పారు. అమెరికాలో ఎమన్స్, మెకల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో, వారానికోసారి తమకు జరిగిన మేళ్ళను ఐదింటిదాకా రాసుకున్నవారు పది వారాలకు జీవితంపై ఎక్కువ తృప్తిగా ఉన్నట్టు తేలింది. రాసుకోవడం మంచిదే. కానీ పుస్తకంలో రాసుకున్నది ఇంట్లో మనిషికి అందకపోతే ఏం లాభం?

కాబట్టి ఈ వారమే మొదలుపెడదాం. ఒక్కపూటైనా ఆమెను ముందు కూర్చోబెట్టి గుడ్డు, పప్పు, ఆకుకూరతో కడుపునిండా వడ్డించండి. రాత్రి మేలుకునే పనిని వంతులవారీగా పంచుకోండి. ఈసారి మీ చెకప్‌కు వచ్చేటప్పుడు ఆమెకూ ఒక ఓపీ చీటీ రాయించి బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ చూపించండి. రిపోర్టులో ఏదైనా తక్కువని వస్తే ఆమె మందులు గుర్తుపెట్టుకుని అందించే బాధ్యత మీరు తీసుకోండి. ఆమె మీకోసం చేసినదే ఇప్పుడు మీరు ఆమెకోసం చేస్తారు. కృతజ్ఞత అంటే ఇంతకంటే పెద్దదేమీ కాదని మేము అనుకుంటున్నాం.