ట్యాంకు ఆగిపోయిందా? అప్పుడే కొత్తది కొనకండి



పుట్టినరోజుకు కొనిచ్చిన రిమోట్ ట్యాంకు రెండు నెలలకే ఆగిపోయిందనుకోండి. మన ఇళ్లలో సాధారణంగా ఏమంటాం? "పాడైందిలే, పక్కన పెట్టు. పరీక్షలయ్యాక కొత్తది కొందాం." దాంతో అది అటకెక్కుతుంది. మన్సూరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ అటక దులిపినా ఇలాంటిది ఒకటైనా దొరుకుతుందేమో! ఈసారి ఆ మాట అనకుండా ఒక్క ఆదివారం ఆగమని మీకు నా విన్నపం.

భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడిగా అడుగుతున్నాను. ఓమ్ నియమం మీద ఎంత చిక్కు లెక్క ఇచ్చినా మన పిల్లలు చకచకా చేసేస్తారు. అదే పిల్లల చేతికి ఆగిపోయిన బొమ్మ ఇస్తే మొదటి మాట "బ్యాటరీ పోయింది సార్" అనే వస్తుంది. "చూశావా?" అంటే, చూసి ఉండరు. తప్పు వాళ్లది కాదు. జవాబు రాబట్టడం నేర్పాం కానీ, లోపం వెతకడం నేర్పలేదు. ఇందులో మా వంతూ ఉంది, మీ వంతూ ఉంది.

ట్యాంకు బొమ్మ ఈ పనికి బాగా కుదురుతుంది. ఎడమ పట్టాకు ఒక మోటారు, కుడి పట్టాకు ఒకటి. రెండూ ఒకే వేగంతో తిరిగితే ట్యాంకు తిన్నగా పోతుంది, తేడా వస్తే మలుపు తిరుగుతుంది. ఒకే బండిలో ఒకేలాంటివి రెండు ఉన్నాయి కాబట్టి, బాగున్నదాన్ని పక్కన పెట్టుకుని పాడైనదాన్ని పరీక్షించవచ్చు.

ఒక పట్టా ఆగిపోయిందా? ముందు స్విచ్ కట్టేసి, బ్యాటరీ తీసి, చక్రాల మధ్య దారమో వెంట్రుకలో చుట్టుకున్నాయేమో చూడమనండి. బిగుసుకుపోయిన మోటారు మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది. అడ్డేమీ లేకపోతే రెండు మోటార్ల ప్లగ్గులను అటుదిటు మార్చి చూడాలి. లోపం రెండో వైపుకు మారితే తప్పు సర్క్యూట్ బోర్డుది. ఉన్నచోటే ఉంటే మోటారుదో, గేర్లదో, దాని వైరుదో. రూపాయి ఖర్చు లేకుండా సగం అనుమానాలు తీరిపోతాయి.

కదలబోతూ ఆగిపోతోందా? అప్పుడు మల్టీమీటర్ తీయాలి. బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు కొలిస్తే చాలదు. ట్యాంకు నడుస్తుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, బోర్డు దగ్గర ఒకసారి వోల్టేజీ చూడాలి. మసిబట్టిన కనెక్టరులో అర ఓమ్ నిరోధం చేరిందనుకోండి. 4 ఆంపియర్లు ప్రవహిస్తే అక్కడే 2 వోల్టులు పోతాయి. 7.4 వోల్టుల బ్యాటరీ నుంచి బోర్డుకు చేరేది 5.4 మాత్రమే. పుస్తకంలోని ఓమ్ నియమం ఆ నిమిషంలో పిల్లల కళ్లెదుట నిజమవుతుంది.

పైనున్న ఫిరంగి గోపురం తిప్పినప్పుడే లోపం వస్తోందా? గోపురం మెడలోంచి వెళ్లే వైర్లు మెలిపడి లోపల తెగి ఉండొచ్చు. బ్యాటరీ తీసేసి, మల్టీమీటర్‌ను బీప్ గుర్తు మీద పెట్టి, వైరు రెండు కొసలా తాకించి, కాస్త కదిపి చూడమనండి. బీప్ ఆగిన చోటే దొంగ దొరికినట్టు.

జాగ్రత్తలు మాత్రం మీవే. ఉబ్బిన లిథియం బ్యాటరీని వాడనివ్వకండి, ఛార్జింగ్‌లో పెట్టనివ్వకండి. మీటరు ఎర్ర వైరు ఆంపియర్ల రంధ్రంలో ఉండగా బ్యాటరీని తాకితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. గోడ ప్లగ్గు జోలికి అసలు వెళ్లకూడదు. టంకం వేయాలంటే పెద్దవాళ్లు పక్కన ఉండాలి.

"చదువు పాడవదా మాస్టారూ?" అని మీరు అడగొచ్చు. ఐఐటీ ఫౌండేషన్ పుస్తకాల బరువు నాకు తెలియనిది కాదు. కానీ ఒక అనుమానం పెట్టుకుని, పరీక్షించి, తప్పని తేలితే దాన్ని వదిలి ఇంకోదానికి వెళ్లడం కూడా చదువే. సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో పట్టాల మీద నడిచే బీఎంపీ-2 యుద్ధవాహనాలు తయారవుతాయి. అంత పెద్ద యంత్రంలో లోపం వెతకాలన్నా ఇదే పద్ధతి. మన పిల్లల్లో ఎవరైనా రేపు అలాంటి చోట పనిచేయొచ్చు.

విడిభాగం కావాలంటే ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగండి. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలు వరుసగా ఉంటాయి. ఏం కావాలో దుకాణదారుకు మీ పిల్లలనే చెప్పనివ్వండి, మీరు పక్కన నిలబడండి.

ఒకవేళ ట్యాంకు బాగవకపోతే? పర్వాలేదు. ఏమేం చూశారో, ఏది కాదని తేలిందో ఒక కాగితం మీద రాయించి బడికి పంపండి. మార్కులు వేయను కానీ, తప్పకుండా చదువుతాను.