స్త్రీలు - చట్టములు: ఒక యింటి ఆస్తి, రెండు శాసనసభలు

సికిందరాబాదునుండి ఒక సోదరి మాకిట్లు వ్రాసియున్నారు: “నా వివాహము 1984లోను, మా చెల్లెలి వివాహము 1987లోను జరిగినవి. తాతగారి నాటి యింటిలో చెల్లెలికి భాగము గలదనియు నాకు లేదనియు అన్నగారు చెప్పుచున్నారు. ఒక్క తల్లి కడుపున బుట్టిన మాకు రెండు న్యాయములేల?”

ప్రశ్న సమంజసమైనది. దీని మూలము, రాజ్యాంగము అధికారమును పంచిపెట్టిన తీరులో నున్నది.

1950 జనవరి 26నుండి అమలులోనున్న మన రాజ్యాంగపు ఏడవ అనుబంధములో మూడు జాబితాలు గలవు. మొదటిదానిలోని విషయములపై పార్లమెంటును, రెండవదానిపై రాష్ట్ర శాసనసభయు, మూడవదానిపై ఉభయులును చట్టములు చేయవచ్చును. మొదటి రెండింటికి సికిందరాబాదువారికి వేరే ఉదాహరణ మక్కరలేదు. కంటోన్మెంటు సరిహద్దున నిలుచుండి చూచిన చాలును. అటు ప్రక్క యింటిపన్ను 2006 నాటి పార్లమెంటు చట్టము చొప్పున కంటోన్మెంటు బోర్డునకు చేరును. ఇటు ప్రక్కది రాష్ట్ర చట్టము చొప్పున నగరపాలక సంస్థకు చేరును. చెత్త తీయలేదని వీరు కోపించుట ఒకరిమీద, పొరుగువారు కోపించుట వేరొకరిమీద!

వివాహము, వారసత్వము, ఉమ్మడి కుటుంబము, భాగపంపకము మూడవ జాబితాలోనివి. ఉభయుల చట్టములు పొసగనిచో సామాన్యముగా పార్లమెంటు చట్టమే నెగ్గును. అయితే రాష్ట్ర చట్టమునకు రాష్ట్రపతి ఆమోదము లభించిన పక్షమున, ఆ రాష్ట్రమువరకు అదియే చెల్లును.

1956లో పార్లమెంటు చేసిన హిందూ వారసత్వ చట్టము, పూర్వుల ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చు హక్కును కుమారులకే యుంచెను. తండ్రి గతించిన పిమ్మట ఆయన వాటాలో మాత్రమే కుమార్తెకు పాలు. సికిందరాబాదు ఆంధ్రప్రదేశ్‌లో నున్న కాలమున, 1986లో, ఆ రాష్ట్ర శాసనసభ ఈ చట్టమును సవరించి, 1985 సెప్టెంబరు 5నుండి కుమార్తెకును కుమారునితో సమానమైన జన్మహక్కు నొసగెను. తమిళనాడు 1989లోను, కర్ణాటక, మహారాష్ట్రములు 1994లోను ఇట్టి సవరణలే చేసెను. ఢిల్లీ కదలకున్నను రాష్ట్రము కదలవచ్చునన్న యేర్పాటువలన కలిగిన మేలిది.

కాని ఆ తేదీకి ముందే పెండ్లియైన కుమార్తెలను మన రాష్ట్ర చట్టము విడిచిపెట్టెను. పెండ్లి ముహూర్తమునుబట్టి అక్కచెల్లెండ్రను వేరుచేయుట మాకెన్నడును సమ్మతము కాలేదు. అక్కగారు పార్లమెంటుకొరకు వేచియుండవలసి వచ్చెను. 2005 సెప్టెంబరు 9న అమలులోనికి వచ్చిన పార్లమెంటు సవరణ, పెండ్లి యెప్పుడైనదన్న విచారణ లేక, దేశమంతట కుమార్తెలకు ఆ హక్కు నిచ్చెను. నాటికి తండ్రి జీవించియుండవలెనన్న నియమము లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

కావున ఈ సోదరి అన్నగారు చెప్పునది పాత మాట. అయితే 2004 డిసెంబరు 20కి పూర్వమే రిజిస్టరు దస్తావేజుచేతగాని కోర్టు డిక్రీచేతగాని భాగములు పంచుకొనియుండినచో, 2005 సవరణ దానిని కదలింపదు. నోటిమాటగా పంచుకొంటిమనిన సామాన్యముగా చెల్లదు. అన్నగారితో వాదమునకు దిగుటకు ముందు, అట్టి దస్తావేజు ఉన్నదో లేదో సబ్‌రిజిస్ట్రారు కచేరిలో విచారింపుడు. ఉన్నచో నకలు తెచ్చుకొని తేదీ చూచుకొనుడు.