రేపు రమ్మను ఋణస్థుడు



కంప్యూటరుకు ప్రోగ్రాములు వ్రాయుట మన యాడుపిల్లలకు నేడు క్రొత్త గాదు. కాని, వ్రాయుటకు వలయు భాషనే స్వయముగా నిర్మింప నేర్చుట వేఱొక విద్య. ఈ వేసవిలో భీమునిపట్నమున మా యింట పెద్దమ్మాయి దానిని పట్టినది. నాకు గణితమున నంత ప్రవేశము లేదు. వ్యాకరణము చదివినదాననను ధైర్యముతో ప్రక్కన గూర్చుంటిని.

ఈ విద్యకు మూలము లాంబ్డా గణనము. 1930ల దశాబ్దమున అలాంజో చర్చి యను అమెరికా తార్కికుడు దీనిని కల్పించెను. అందున్నవి మూడే: పేరు; ప్రమేయము, అనగా ఒకటి పుచ్చుకొని మఱియొకటి యిచ్చునది; దానిని ప్రయోగించుట. ఒకే వస్తువు నిచ్చిన నెల్లప్పుడు నొకే ఫలము వచ్చును. అంకెలను గూడ వీనితోనే కట్టవచ్చును. ఈ త్రోవను జాన్ మెకార్తీ 1958లో లిస్పు అను భాషను రూపొందించెను. చిత్తూరు జిల్లా కాటూరున బుట్టిన మన రాజ్ రెడ్డిగారు స్టాన్‌ఫర్డులో ఆ మెకార్తీ శిష్యులై 1966లో డాక్టరు పట్టము బడసిరి. 1994లో ట్యూరింగు బహుమానము నందిరి. వారి కృషి యంత్రమునకు మనుష్యుల మాట తెలియజేయుటయందు. అయినను గురువును జెప్పుకొనుట మనకొక ముచ్చట.

అమ్మాయికి మొదటి చిక్కు పేర్లయొద్ద వచ్చెను. బయటినుండి 'క' యను పేరుతో వచ్చిన వస్తువు, లోపలి ప్రమేయమున మఱియొక 'క' యుండుటచే దానిలో గలిసిపోయెను. లక్ష్మి యను ఆడుబిడ్డ యున్న యింటికి లక్ష్మియే కోడలుగా వచ్చినచో, వెనుకటివారు కోడలి పేరు మార్చుచుండిరి. ఇచటను మందు పేరు మార్చుటయే, కాని మార్చవలసినది లోపలి 'క' పేరు. (కోడలి పేరు మార్చుట నాకెన్నడును న్యాయముగా దోచలేదు. ప్రమేయములకు మనసు లేదు గనుక సరిపోయినది.)

పిమ్మట నిరూపణముల వంతు. ప్రతిజ్ఞ యొక రకమనియు, ఆ రకపు వస్తువును గట్టి చూపు ప్రోగ్రామే దాని నిరూపణమనియు 1969లో విలియం హోవర్డు వివరించెను. అమ్మాయి తన భాషను నిరూపణములు పరీక్షించునట్లు మార్చి, 'సున్నయు నొకటియు సమానము' అనుదానిని పరీక్షకు బెట్టెను. భాష 'సరి' యనెను! ఇద్దఱము నిర్ఘాంతపోతిమి.

దోషము తన్ను తానే పిలుచుకొను ప్రమేయమునందున్నది. ఎంత మొత్తమునకైనను పత్రము వ్రాసియిచ్చి, అడిగినప్పుడెల్ల 'రేపు రండి' యను ఋణస్థుని దలపుడు. వాని పత్రమున తప్పు లేదు, పైకము మాత్రమెన్నటికిని రాదు. మామూలు భాషలో నిట్టి ప్రమేయము కాలహరణము మాత్రమే. నిరూపణ భాషలో నొక్కటి చొరబడినను ప్రతి యబద్ధమును సత్యమగును. కావున 1989లో వెలువడిన కాక్, 2013లో లియోనార్డో డి మౌరా మొదలిడిన లీన్ వంటివి పిలిచిన ప్రతిసారియు వస్తువు తఱుగుచున్నట్లు రుజువు గోరును.

ఈ కాఠిన్యము వ్యర్థము గాదు. ఏ పటమునైనను సరిహద్దు గలసిన సీమలకు వేర్వేఱు రంగులు వచ్చునట్లు నాలుగు రంగులతో నింపవచ్చునని 1976లో ఆపెల్, హాకెన్ అనువారు కంప్యూటరు సాయమున నిరూపించిరి. చేతితో సరిచూడరానిదగుటచే పలువురు గణితజ్ఞులు శంకించిరి. 2005లో జార్జి గోంటియే దానిని కాక్‌చే పరీక్షింపజేసెను.

అమ్మాయియు నా నియమమునే పెట్టెను. ఇప్పుడామె భాష యబద్ధమును ద్రోసివేయుచున్నది. కాని గరిష్ఠ సామాన్య భాజకమును గనుగొను ప్రమేయమును గూడ ద్రోసివేసినది! భాగహారమున శేషము భాజకముకంటె చిన్నదని మనకు దెలియును, తనిఖీకి దెలియదు. దానిని వేఱుగా నిరూపించి యీయవలెను. రెండు దినములుగా అమ్మాయి యా పనిమీదనే యున్నది. నిన్న భోజనమునకు మూడుమాఱులు పిలిచితిని.