తలుపు వేసిన దొరసాని

చరిత్రలోకెల్లా కురూపి దొరసాని అని యూరపు వాళ్లు ముద్ర వేసిన ఆవిడ పేరు మార్గరెట్ మౌల్టాష్. మౌల్టాష్ అంటే సంచినోరు! తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు లెండి, లోకులు పెట్టింది. ఎందుకు పెట్టారంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

1318లో జర్మన్ చక్రవర్తుల ఏలుబడి కింది టిరోల్ సంస్థానంలో పుట్టింది. తండ్రికి మగపిల్లలు లేరు. పైగా ఆల్ప్స్ కొండల్లోని బ్రెన్నర్ కనుమ వాళ్లదే. జర్మనీ నుంచి ఇటలీకి సైన్యాలు, సరుకులు నడిచే దారి అది. ఇంక చెప్పాలా? పొలం గట్లు కలిసొస్తాయని వియ్యమందినట్టు బొహీమియా రాజు 1330లో తన కొడుకు యోహాన్ హెన్రీతో ఆమెకు పెళ్లి జరిపించాడు. పెళ్లికూతురికి 12 ఏళ్లు, పెళ్లికొడుక్కి 8!

1341 నవంబరులో ఆ మొగుడుగారు వేట నుంచి తిరిగొచ్చేసరికి కోట తలుపులు మూసి ఉన్నాయి. వేయించింది భార్యే. పరాయి పెత్తనంతో విసిగిన టిరోల్ ప్రభువులూ ఆమె పక్షమే. మొదటి పెళ్లిని పోపు రద్దు చేయకుండానే, 1342లో చక్రవర్తి కొడుకు లూయీని చేసుకుంది. పోపు ఇద్దర్నీ వెలివేశాడు.

"అదీ రాజకీయమే కదా" అంటారేమో. అక్షరాలా రాజకీయమే. చక్రవర్తి కన్నూ కోడలి మీదకన్నా కనుమ మీదే. ఆవిణ్ణి నేనేం వీరనారిని చేయడం లేదు. ఎనిమిదేళ్ల పసివాడికి కట్టబెట్టిన పెద్దల మూతులు ఎలా ఉన్నాయో ఎవరూ చూడలేదేం? తలుపు వేసినావిడ మూతే సంచి అయిందా?

ఆమె కాలంలోనే బతికిన వింటర్‌టూర్ యోహాన్ అనే సన్యాసి, ఆవిడ మహా అందగత్తె అని రాసిపెట్టాడు. ఆ మాట ఎవరిక్కావాలి? 1369లో ఆవిడ పోయింది. 1513 ప్రాంతంలో క్వెంటిన్ మాసీస్ ఒక వికారపు ముసలమ్మ బొమ్మ వేస్తే, అది ఈవిడేనని తర్వాతివాళ్లు అంటగట్టారు. లండన్ నేషనల్ గాలరీలో ఉందా బొమ్మ. చూడని మొహానికి నూట నలభై ఏళ్ల తర్వాత బొమ్మ దొరికిందన్నమాట!

1923లో ఫాయిష్ట్‌వాంగర్ ఆమె మీద నవల రాసి, ‘కురూపి డచెస్’ అనే పేరే పెట్టాడు. నేనూ నవలలు రాసేదాన్నే. అందవికారం కథకెంత పనికొస్తుందో తెలుసు. అయినా సరే, ఆ పుస్తకానికి ‘తలుపు వేసిన డచెస్’ అని పేరు పెడితే అమ్ముడుపోయేది కాదా?